ఫెయిర్‌వేలు పెరిగాయి, స్కోరూ పెరిగింది: ఒక శిక్షకుడి కేసు

గోల్ఫ్‌లో స్కోరు అంటే కొట్టిన మొత్తం స్ట్రోకుల లెక్క, కాబట్టి అది పెరిగిందంటే ఆట చెడిందని అర్థం. ఫెయిర్‌వే అంటే టీ నుంచి గ్రీన్ దాకా ఉండే, గడ్డి కత్తిరించిన దారి; హోల్‌లోని మొదటి దెబ్బ, అంటే టీ షాట్, అందులో పడితే ఒక ఫెయిర్‌వే దొరికినట్టు లెక్క. ఈ సంగతి తెలియని వారికి పై శీర్షిక శుభవార్తలా కనిపించవచ్చు. నాకూ, నా దగ్గరకు నేర్చుకోవడానికి వచ్చిన ఆయనకూ అది మూడు నెలల నష్టం. ఆ నష్టంలో ఎక్కువ భాగం నా తప్పే. అందుకే రాస్తున్నాను. ఆయన అనుమతి తీసుకున్నాను. వయసు, వృత్తి, హోల్ నంబర్లు కొద్దిగా మార్చాను. ఆట లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

నేపథ్యం

ఆయన యాభైకి కాస్త అటూ ఇటూ ఉంటారు. సొంత వ్యాపారం. నలభై దాటాక గోల్ఫ్ మొదలుపెట్టారు. వారానికి రెండు రౌండ్లు, హైదరాబాద్ చుట్టుపక్కల ఒకే కోర్సులో, ఎప్పుడూ ఒకే క్యాడీతో (క్లబ్‌ల సంచి మోసే సహాయకుడితో) ఆడతారు. కోర్సు పార్ 72, అంటే మంచి ఆటగాడు 18 హోల్స్‌ను 72 స్ట్రోకుల్లో ముగించాలని లెక్క; ఒక హోల్‌లో పార్‌కన్నా ఒకటి ఎక్కువైతే అది బోగీ. ఆయన హ్యాండీక్యాప్ ఇండెక్స్ (పార్‌కన్నా సుమారు ఎన్ని స్ట్రోకులు ఎక్కువ ఆడతారో చెప్పే అంకె) 20.4, వచ్చేనాటికి చివరి పది రౌండ్ల సగటు 95. ఇండెక్స్‌ను చివరి 20 రౌండ్లలో మెరుగైన ఎనిమిదింటి నుంచి లెక్కకడతారు కాబట్టి, సగటు (95 అంటే పార్‌కన్నా 23 ఎక్కువ) దానికన్నా ఎక్కువగా కనిపించడం మామూలే.

కుడిచేతి వాటం. డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) సరిగ్గా తగిలితే బంతి 225 గజాలు వెళుతుంది. చాలామంది అమెచ్యూర్ల లాగే ఆయన బంతి కూడా గాలిలో కుడివైపు వంగుతుంది, దీన్నే స్లైస్ అంటారు. మా వైపు కోర్సుల్లో ఫెయిర్‌వే పక్కన గడ్డి (రఫ్), గడ్డి దాటితే వేప, కానుగ చెట్లు, వాటి మధ్య బండరాళ్లు ఉంటాయి. బండకు తగిలిన బంతి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. కొన్ని హోల్స్‌లో చెట్లు కూడా ఉండవు, నేరుగా ప్రహరీ గోడే.

ఫిర్యాదు

మొదటి రోజే ఆయన ఫోను తీసి యాప్ చూపించారు. పార్ 3లు (టీ నుంచి నేరుగా గ్రీన్‌కే కొట్టే హోల్స్) పోగా మిగిలిన 14 హోల్స్‌లో సగటున అయిదు ఫెయిర్‌వేలు.

"కోచ్ గారూ, టీ షాట్ నిటారుగా వెళ్లేలా చేయండి, చాలు. మిగతా ఆట నేను చూసుకుంటాను" అన్నారు.

ఈ మాట నేను ఏడాదికి ఇరవైసార్లు వింటాను. అమెరికాలోని ప్రొఫెషనల్ పోటీలు పీజీఏ టూర్‌లో ఆడే వాళ్లు కూడా పది ఫెయిర్‌వేలలో నాలుగు తప్పుతారని ఆ రోజే చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. ఆయన ఫిర్యాదూ, ప్రాక్టీస్ రేంజ్‌లో నాకు కనిపించిన స్వింగూ ఒకదానికొకటి చక్కగా సరిపోయాయి. స్వింగ్ సరిచేయడమే నా జీవనాధారం. సుత్తి చేతిలో ఉన్నవాడికి మేకు కనిపిస్తే ఇంకేం ఆలోచిస్తాడు?

మొదట చేసినది

రెండు పనులు చేశాం. క్లబ్ బయటి నుంచి లోపలికి కోసుకుంటూ రావడం తగ్గించాలని స్వింగ్ మీద పనిచేశాం. స్వింగ్ కుదిరేవరకు పార్ 4, పార్ 5 హోల్స్‌లో డ్రైవర్ బదులు హైబ్రిడ్‌తో (తక్కువ దూరం కొట్టే క్లబ్‌తో) టీ షాట్ కొట్టమన్నాను. ఆయన హైబ్రిడ్ 180 గజాలు వెళుతుంది. బంతి తక్కువ దూరం వెళితే తక్కువ చెదురుతుందన్నది నా తర్కం. తర్కంలో లోపం లేదు, సగమే ఉంది.

తర్వాతి ఎనిమిది రౌండ్లలో ఫెయిర్‌వేలు అయిదు నుంచి ఏడున్నరకు పెరిగాయి. ఆయనకు పట్టరాని సంతోషం. "ఆట హాయిగా ఉంది" అనేవారు, నేనూ నమ్మాను. సగటు స్కోరు 96 అని నెల తర్వాత గాని నేను గమనించలేదు. ఆయన గమనించినా, గ్రీన్ మీద పటింగ్ కుదరడం లేదని సరిపెట్టుకున్నారు.

పోగొట్టుకున్నది ఎక్కడో వెతకడం కష్టం కాలేదు. 390 గజాల పార్ 4 తీసుకోండి. డ్రైవర్ కొడితే 165 గజాలు మిగులుతాయి. అది ఆయనకు అయిదో నంబరు ఐరన్. రఫ్‌లో ఉన్నా గ్రీన్ దగ్గరకైనా తీసుకెళ్లగలరు. హైబ్రిడ్ కొడితే 210 మిగులుతాయి. నేల మీద ఉన్న బంతిని ఫెయిర్‌వే వుడ్‌తో కొట్టాలి, ఆయన సంచిలో అన్నిటికన్నా నమ్మరానిది అదే. టీ మీద తప్పించిన ప్రమాదం రెండో షాట్‌కు వచ్చి కూర్చుంది. బంతి ఫెయిర్‌వే మధ్యలోనే ఉండేది, అక్కడి నుంచి కొట్టినది బండల్లోకి పోయేది. యాప్‌లో మాత్రం ఆ హోల్ పక్కన ఫెయిర్‌వే దొరికినట్టు పచ్చటి టిక్కు.

స్వింగ్ పాఠం ఇంకో చిక్కు తెచ్చింది. దాని సంగతి తర్వాత.

క్యాడీ చూసే వైపు

నేను మొదటే చేయవలసిన పని నాలుగో నెలలో చేశాను. ఒక ఉదయం ఆయన సంచి వెంట 18 హోల్స్ నడిచాను.

ఆరో హోల్‌లో ఎడమవైపు పొడవునా ప్రహరీ. గోడ లోపలి వైపున తెల్ల గుంజలు, అవి దాటితే బంతి పోయినట్టే. ఆ రోజు డ్రైవర్ కొట్టమన్నాను. ఆయన క్లబ్ ఊపగానే నా కళ్లు అలవాటు ప్రకారం ఆయన చేతుల మీద ఉన్నాయి, ఆయన కళ్లు బంతి మీద ఉన్నాయి. క్యాడీ మాత్రం రెండూ చూడటం లేదు. మెడ ఎడమకు తిప్పి గోడ పైఅంచునే చూస్తున్నాడు. బంతి కుడివైపు రఫ్‌లో పడింది. అతను ఊపిరి వదిలి సంచి భుజానికి ఎత్తుకున్నాడు.

"గడ్డిలో పడితే నాకు దిగులు లేదు సార్. బోగీ చేసేస్తారు. గోడ దాటితేనే" అని ఆగిపోయాడు. తర్వాత, సార్‌కు వినబడకుండా, "చెట్ల సందులోంచి కొట్టాలని చూస్తారు సార్, అది కూడా" అన్నాడు.

నేను పన్నెండు వారాల్లో చేరుకోని నిర్ధారణకు అతను ఎప్పుడో చేరుకున్నాడు. నేను అడగలేదు కాబట్టి చెప్పలేదు, అంతే. ఆ రోజు నుంచి స్కోరు కార్డు వెనుక ప్రతి టీ షాట్‌కూ ఒక గుర్తు వేయమన్నాను. ఫెయిర్‌వే అయితే గీత. గడ్డిలో ఉండి ముందుకు దారి తెరిచి ఉంటే చుక్క. బంకర్ (ఇసుక గుంట) అయితే గిన్నె బొమ్మ. చెట్టో బండో అడ్డొచ్చి పక్కకు మాత్రమే కొట్టగలిగితే ఇంటూ. బంతి పోయినా, తెల్ల గుంజలు దాటినా, నీటిలో పడినా సున్నా. సరిగ్గా తగలక ముందే ఆగిపోతే వంకర గీత. మళ్లీ డ్రైవర్‌తోనే ఆరు రౌండ్లు, అంటే 84 టీ షాట్లు.

ఫెయిర్‌వేలు 29. తెరిచిన రఫ్ 31. బంకర్లు 4. అడ్డుపడినవి 9. పోయినవి 7. తగలనివి 4.

కార్డు ముందు వైపు ఆ హోల్స్ స్కోర్లు ఉన్నాయి కదా, రెండు వైపులా జోడించాను. ఫెయిర్‌వే నుంచి ఆడిన 29 హోల్స్‌లో పార్‌కన్నా మొత్తం 29 స్ట్రోకులు ఎక్కువ, అంటే సరాసరి ఒక బోగీ. తెరిచిన రఫ్ నుంచి 31 హోల్స్‌కు 37, అంటే హోల్‌కు 1.2. అడ్డుపడిన 9 హోల్స్‌కు 19, పోయిన 7 హోల్స్‌కు 22. బంకర్లు 6, తగలనివి 7 జోడించాయి. మొత్తం 120.

ఇప్పుడు ఆయన కోరిక తీరిందనుకుందాం. ఏదో మంత్రం వేసి రఫ్‌లోని 31 బంతులనూ ఫెయిర్‌వేలోకి తెచ్చామనుకుందాం. ఆరు రౌండ్లలో ఆరు స్ట్రోకులు తగ్గుతాయి, రౌండుకు ఒకటి. దానికి బదులు అడ్డుపడినవీ పోయినవీ కలిపి ఆ 16 చెడ్డ బంతులను ఫెయిర్‌వేలోకి కూడా కాదు, మామూలు గడ్డిలోకి తెస్తే దాదాపు 22 స్ట్రోకులు తగ్గుతాయి. రౌండుకు మూడున్నర పైనే.

ఏడు, తొమ్మిది అనే చిన్న అంకెల మీద పెద్ద మేడలు కట్టకూడదని నాకు తెలుసు. పైగా బంతులు పోయిన హోల్స్ మామూలుగానే కష్టమైనవి. కాకపోతే దిశ మాత్రం కొత్తది కాదు. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రోడీ, ఒక్కో షాట్ విలువను స్ట్రోకుల్లో కొలిచే స్ట్రోక్స్ గెయిన్డ్ పద్ధతికి ఆధారంగా పీజీఏ టూర్ షాట్లను విశ్లేషించినప్పుడు కూడా ఇదే ఆకారం కనిపించింది. 160 గజాల దూరంలో ఫెయిర్‌వే నుంచి హోల్ ముగించడానికి టూర్ ఆటగాళ్లకు సగటున మూడు స్ట్రోకులకు కాస్త తక్కువ పడుతుంది. రఫ్ నుంచి అయితే దానికి పావు స్ట్రోకు అదనం. చెట్ల వెనుక నుంచి బయటపడవలసి వస్తే అదనం ముప్పావు స్ట్రోకుకు మించిపోతుంది. యాప్ మాత్రం ఫెయిర్‌వేకు అంగుళం పక్కన పడిన బంతినీ, గోడ దాటి రోడ్డు మీద పడిన బంతినీ ఒకే గడిలో వేస్తుంది.

ఇంకో లెక్క కూడా చేశాను. బంతి ఎటు, ఎంత దూరం వెళుతుందో కొలిచే లాంచ్ మానిటర్ పెట్టి డ్రైవర్‌తో 30 బంతులు కొట్టించి, మరీ ఘోరమైన రెండిటిని తీసేస్తే మిగిలినవి ఎడమ చివర నుంచి కుడి చివరకు 75 గజాల వెడల్పున పడ్డాయి. ఫెయిర్‌వే వెడల్పు ముప్పై, ముప్పై అయిదు గజాలు. 225 గజాల దూరంలో ఒక్క డిగ్రీ తేడా బంతిని నాలుగు గజాలు పక్కకు తోస్తుంది. ఆయన చెదురును ఫెయిర్‌వేలో పట్టేంత కుదించాలంటే దాన్ని సగానికన్నా తక్కువ చేయాలి. వారానికి రెండుసార్లు ఆడే మనిషికి ఆ మాట ఇవ్వడం నా వృత్తికి మర్యాద కాదు. 75 గజాలు అలాగే ఉండనిచ్చి, ఆ పరుపును ఎక్కడ పరచాలో చూడటం ఒక్కటే మిగిలింది.

ఎడమ బంతి

పోయిన ఏడింటిలో అయిదు ఎడమవైపు పోయాయి. స్లైస్ ఆటగాడి బంతి ఎడమకు ఎందుకు పోతుంది? ఇక్కడే నా పాఠం చిక్కు బయటపడింది.

డ్రైవర్‌లో బంతి ఏ దిశలో బయలుదేరాలో ఎక్కువగా క్లబ్ ముఖం (బంతికి తగిలే భాగం) నిర్ణయిస్తుంది. ఎటు వంగాలో ముఖానికీ, క్లబ్ వచ్చే దారికీ మధ్య ఉన్న కోణం నిర్ణయిస్తుంది. బంతి కుడికి వంగుతుందని ఆయన ఏళ్లుగా ఎడమకు గురిపెట్టి నిలబడుతున్నారు. నేను స్లైస్ పోగొట్టడానికి ముఖం మూయడం, అంటే దాన్ని ఎడమకు తిప్పడం, నేర్పాను. నిలబడే దిశ మాత్రం పాతదే. పాత స్వింగ్ వచ్చిన రోజు బంతి కుడికి తిరిగి మధ్యలోకి వచ్చేది. కొత్త పాఠం గుర్తొచ్చిన క్షణంలో ఎడమకు బయలుదేరి, ఇంకా ఎడమకు వంగేది. ఒకవైపే ఉన్న ప్రమాదాన్ని నేను రెండు వైపులకూ పంచిపెట్టాను.

ఇక్కడ రెండు దారులు కనిపించాయి. ఒకటి, మొదలుపెట్టిన మార్పును చివరిదాకా తీసుకెళ్లి నిజంగానే నిటారు బంతి నేర్పడం. ఆరు నెలలైనా పడుతుంది, మధ్యలో రెండువైపులా బంతులు పోతాయి. రెండోది, స్లైస్‌ను కుదించి నమ్మదగిన ఫేడ్‌గా (కుడికి కొద్దిగా మాత్రమే వంగే బంతిగా) మార్చి, ఎడమ బంతిని పూర్తిగా లేకుండా చేయడం. ఎనిమిదో పదో గజాల దూరం పోతుంది. రెండోదే ఎంచుకున్నాను. తప్పు ఎటు పోతుందో ముందే తెలిస్తే గురిపెట్టడానికి ఒక ఆధారం ఉంటుంది, తెలియకపోతే మంచి గురి అనేదే ఉండదు. ఎడమ చేతి పట్టును కాస్త బలహీనం చేశాం, అంటే ఆ చేతిని క్లబ్ మీద కొంచెం ఎడమకు తిప్పి పట్టించాం. ముఖం మూసే అభ్యాసాలన్నీ ఆపేశాం. డబ్బు తీసుకుని నేర్పినదాన్ని మళ్లీ డబ్బు తీసుకుని మరిపించడం ఇబ్బందిగానే ఉంది. ఆ నెల ఫీజు నేను అడగలేదు.

పనిచేసినవి

ఎక్కువ ఫలితం ఇచ్చింది గురి. ఆరో హోల్‌లో టీ బాక్సు ఎడమ చివర, అంటే గోడ పక్కగా టీ పెట్టి, గోడకు దూరంగా, ఫెయిర్‌వే కుడి అంచును దాటి రఫ్‌లో ఉన్న ఒక కానుగ చెట్టును చూపించాను.

"రఫ్‌కు గురిపెట్టమంటున్నారా?"

"అవును సార్. మీ ఎడమ బంతి ఫెయిర్‌వేలో పడుతుంది, మీ కుడి బంతి గడ్డిలో పడుతుంది. గోడ దాకా ఏదీ పోదు."

"నా ఫెయిర్‌వేలు పోతాయి కదా!"

పోతాయన్నాను. ఆయనకు మింగుడుపడటానికి రెండు వారాలు పట్టింది. యాప్‌లో ఫెయిర్‌వేల పేజీ మూసేయమని బతిమాలాను. దానికి బదులు క్యాడీ కార్డు వెనుక వేసే ఇంటూలు, సున్నాలు మాత్రమే రౌండ్ చివర లెక్కపెట్టుకునేవాళ్లం.

హైబ్రిడ్‌ను పూర్తిగా వదల్లేదు. 225 గజాల దగ్గర ఇరుకై, 180 దగ్గర విశాలంగా ఉన్న హోల్స్ ఆ కోర్సులో రెండే. రెండువైపుల నుంచీ బండలు సరిగ్గా డ్రైవర్ దిగే చోటికే చొచ్చుకొస్తాయి. ఆ రెండిటిలోనే హైబ్రిడ్. ఒక హోల్ భయంగా కనిపించినంత మాత్రాన చిన్న క్లబ్ తీస్తే లాభం లేదు. ఇరుకు ఏ దూరంలో ఉందో అడుగులేసి కొలిచి తెలుసుకోవాలి. కొలిచింది క్యాడీయే.

చెట్లలో పడితే ఒకే ఒక్క షరతు: బయటకు ఏది దగ్గరి దారో దాని గుండా గడ్డి మీదకు. అడ్డుపడిన తొమ్మిది హోల్స్‌లో నాలుగింట ఆయన కొమ్మల సందులోంచి గ్రీన్ వైపు కొట్టబోయి, బంతిని మళ్లీ చెట్లకే అప్పగించారు. ఈ షరతు అమలు చేసే అధికారం క్యాడీకి ఇచ్చాం. ఆయన చేయి చాచినా, క్యాడీ వెడ్జ్ (తక్కువ దూరం కొట్టే క్లబ్) తప్ప ఇంకో క్లబ్ ఇవ్వడు. మొదటి రోజు సార్‌కు కోపం వచ్చింది. మూడో రోజు నవ్వు వచ్చింది.

గోడ దాటిందని అనుమానం వస్తే ముందుగా చెప్పి ప్రొవిజనల్ (మొదటిది దొరకకపోతే పనికొచ్చే రెండో బంతి) కొట్టడం కూడా అలవాటు చేశాం. 2019 నుంచి వెతకడానికి మూడు నిమిషాలే ఇస్తారు. దొరకని బంతి కోసం టీ దాకా వెనక్కి నడిచి, వెనుక వస్తున్నవాళ్ల చూపులు భరిస్తూ కొట్టే మూడో స్ట్రోకు (మొదటిది ఒకటి, శిక్ష ఒకటి పోగా) ఎప్పుడూ తొందరపాటు స్ట్రోకే. స్కోరు మీద దీని ప్రభావం ఎంతో నేను విడదీసి చెప్పలేను.

ఫలితం

తర్వాతి పది రౌండ్లు ఎండాకాలంలో ఆడారు. పోయిన బంతులు నాలుగు. అంతకుముందు ఆరు రౌండ్లకే ఏడు. అడ్డుపడినవి పది. ఫెయిర్‌వేలు సగటున 5.3, అంటే ఆయన నా దగ్గరకు వచ్చిన రోజున్న చోటే దాదాపు. సగటు స్కోరు 91.5. ఇండెక్స్ కొన్ని నెలల్లో 17.6కు దిగింది.

మూడున్నర స్ట్రోకులూ టీ షాట్ వల్లే తగ్గాయని నేను అనను. ఆ కాలంలో ఆయన చిప్పింగ్ (గ్రీన్ పక్క నుంచి కొట్టే చిన్న షాట్లు) కూడా కొంత బాగుపడింది. ఎండాకాలపు గట్టి నేల మీద బంతి పరుగు కూడా కలిసొచ్చింది.

వర్షాలు మొదలయ్యాక నా లెక్క ఒక మెట్టు దిగింది. వేసవిలో మా రఫ్ పలచగా, ఎండిపోయి ఉంటుంది, బంతి పైనే నిలుస్తుంది. జూలై దాటాక అదే గడ్డి తడిసి, ఒత్తుగా పెరిగి, బంతిని మింగేస్తుంది. ఆ నెలల్లో తెరిచిన రఫ్ నుంచి ఆయన సగటు 1.2 నుంచి 1.5కు పెరిగింది. అంటే ఫెయిర్‌వే విలువ రెండింతలకు మించిపోయింది. అయినా ఒక సున్నా, అంటే పోయిన బంతి, ఖరీదుకు దరిదాపుల్లో లేదు కాబట్టి గురి మార్చలేదు. గడ్డిలోంచి పొడవాటి క్లబ్‌లు తీయడం మాత్రం మానిపించాను. రఫ్ తక్కువ ఖరీదని రాసేవాళ్లు ఏ కోర్సులో, ఏ నెలలో అన్నది కూడా రాస్తే బాగుంటుంది.

ఈ కేసును చూసి అందరికీ ఇదే మందు రాయకండి. ఇదే సమయంలో నా దగ్గర డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఉన్నారు, డ్రైవర్ 150 గజాలు. ఆయన బంతికి గోడ దాకా వెళ్లే ఓపిక లేదు. ఆరు రౌండ్లలో ఒక్క సున్నా లేదు, నిండా వంకర గీతలే. ఆయనకు గురి గురించి చెప్పడం దండగ, బంతి క్లబ్ ముఖం మధ్యలో తగిలితే చాలు. అయిదు హ్యాండీక్యాప్ కుర్రాడి విషయం వేరు. అతనికి సున్నాలు ఎప్పుడో తగ్గిపోయాయి, మిగిలిన పావు స్ట్రోకులే అతని వేట. ఇప్పుడు కొత్తగా ఎవరు వచ్చినా మొదటి పాఠానికి ముందు మూడు రౌండ్ల కార్డులు వెనుకవైపు గుర్తులతో తెమ్మంటున్నాను. సగం మంది మళ్లీ రారు.

మొన్న ఆయన ఉదయాన్నే ఫోన్ చేశారు. ముందురోజు 14కు తొమ్మిది ఫెయిర్‌వేలు దొరికాయట, ఎప్పుడూ లేనంతగా. స్కోరు ఎంతని అడిగాను. 94. కాసేపు ఆగి, "రెండు సున్నాలు" అన్నారు. రెండూ ఆరో హోల్‌లోనే, వరసగా. కోర్సువాళ్లు ఆ కానుగ చెట్టును నరికేశారట, గురిపెట్టడానికి ఏమీ కనిపించలేదట. ఈ ఆదివారం వెళ్లి ఇంకో చెట్టును వెతకాలి.